ఫోనుకు బయటి జీపీఎస్ రిసీవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

పొలం చుట్టుకొలత తీసుకునేవాళ్ళు, అడవుల్లో ట్రెక్కింగుకు పోయేవాళ్ళు, డ్రోన్ పని నేర్చుకుంటున్న పిల్లలు, ఎవరు ఫోన్ చేసినా అడిగేవి ఈ పాతిక పైచిలుకు ప్రశ్నలే. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ గొంతు పోయింది. అందుకే రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. ఐఫోన్ గురించి ఒక్క ప్రశ్నే ఉంది, మిగతాదంతా ఆండ్రాయిడ్. "రిసీవర్ పాడైంది, చూడన్నా" అంటూ నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి ఏ రోగమూ లేదు. రిసీవర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, ఫోనే దాని మాట వినిపించుకోదు.

## కొనే ముందు

ఫోన్లోనే జీపీఎస్ ఉంది కదా, మళ్ళీ బయటిది ఎందుకు?

తేడా అంతా యాంటెనాలో ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి, వాటి సంకేతం కిందికొచ్చేసరికి అతి బలహీనంగా ఉంటుంది. ఫోన్లో యాంటెనాకి దొరికేది బ్యాటరీకీ కెమెరాకీ మధ్య మిగిలిన సందు మాత్రమే, దానిమీద మళ్ళీ మీ చెయ్యి అడ్డం. బయటి రిసీవర్‌లో సాధారణంగా 25 మిల్లీమీటర్ల చదరపు సిరామిక్ బిళ్ళ ఉంటుంది. ఉపగ్రహ సంకేతం ఒక వైపుకి మెలితిరుగుతూ వస్తుంది, ఈ బిళ్ళను ఆ మెలికకు సరిపడేలా చేస్తారు. గోడకో రాతికో తగిలి వెనక్కొచ్చిన సంకేతంలో మెలిక తిరగబడుతుంది కాబట్టి దాన్ని చాలావరకు వదిలేస్తుంది. ఫోను యాంటెనాకి ఆ తేడా తెలియదు, రెండిటినీ కలిపి లెక్కేసుకుంటుంది.

ఊళ్ళో అడ్రసు వెతుక్కోవడానికైతే ఇది కొనకండి. డబ్బు దండగ.

డబ్బా మీద 2.5 మీటర్లు అని ఉంది, నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కాకపోతే ఆ మాటకి అర్థం తెలుసుకుని నమ్మాలి. ఆ అంకె పక్కన సాధారణంగా సీఈపీ అని ఉంటుంది. అంటే ఆకాశం పూర్తిగా తెరిచి ఉన్నచోట తీసిన పాయింట్లలో సగం 2.5 మీటర్ల లోపల పడతాయని. మిగతా సగం బయటే పడతాయి, ఎంత దూరంలోనో డబ్బా చెప్పదు. మామూలు ఫోనుకి తెరిపి ఆకాశం కింద 5 మీటర్ల దాకా తేడా ఉంటుందని లెక్క.

పొలం లెక్కలో చూద్దాం. నలుచదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో గట్టు 63.6 మీటర్లు. అందులో ఒక్క గట్టు 3 మీటర్లు పక్కకి జరిగిందనుకోండి, 190 చదరపు మీటర్లు తేడా వస్తుంది. తెలంగాణ లెక్కన దాదాపు 2 గుంటలు, ఆంధ్రా లెక్కన 4 సెంట్లు దాటుతుంది. ఎరువు ఎంత పడుతుందో లెక్కేయడానికి సరిపోతుంది. అన్నదమ్ములు పంచుకోవడానికి సరిపోదు.

బ్లూటూత్‌ది కొనాలా, యూఎస్‌బీదా?

నడుస్తూ పనిచేసేవాళ్ళకి బ్లూటూత్. టోపీ మీద టేపుతో అంటించుకుని ఫోను జేబులో వేసుకోవచ్చు. కారులో, ట్రాక్టర్‌పై ఒకేచోట బిగించేవాళ్ళకి యూఎస్‌బీ, అది ఫోను నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి వేరే ఛార్జింగు గొడవ లేదు, ధరా తక్కువ. అయితే ఫోను ఛార్జింగు రంధ్రం దానికే పోతుంది. రోజంతా పని ఉంటే ఛార్జింగు కూడా కలిపి ఇచ్చే ఓటీజీ (ఫోనుకి వేరే పరికరాలు తగిలించే) హబ్ కొనుక్కోవాలి, అందులో నాసిరకాలే ఎక్కువ. నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్ళు బ్లూటూత్‌కే పోవాలి.

10 హెర్ట్జ్ అని ఎక్కువ రేటు చెప్తున్నారు, కావాలా?

సెకనుకి పదిసార్లు చోటు చెప్తుందని అర్థం. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లకు పైగా పోతుంది కాబట్టి రేసింగులో, డ్రోన్లలో అది పనికొస్తుంది. నడిచేవాళ్ళకి సెకనుకి ఒక్కసారి చాలు. పదిసార్లు చెప్పినంత మాత్రాన కచ్చితం పెరగదు, అదే తప్పుని పదిసార్లు చెప్తుంది.

ఐఫోన్‌కి పనిచేస్తుందా?

ఆపిల్ ఆమోదించిన రిసీవర్లయితే, అంటే డబ్బా మీద ఎంఎఫ్‌ఐ గుర్తు ఉన్నవైతే, జత చేయగానే ఫోను మొత్తానికి లొకేషన్ అవే ఇస్తాయి. గార్మిన్ గ్లో 2, బ్యాడ్ ఎల్ఫ్ ఆ కోవలోవి. మిగతావి వాటి సొంత యాప్ లోపల మాత్రమే పనిచేస్తాయి, గూగుల్ మ్యాప్స్‌కి ఆ సంగతే తెలియదు. ఆండ్రాయిడ్‌లోలా లొకేషన్‌ని ఒక యాప్‌కి అప్పజెప్పే సౌకర్యం ఐఫోన్‌లో లేదు.

మన నావిక్, గగన్‌లను పట్టుకుంటుందా?

రెండూ వేరు వేరు. గగన్ అనేది జీపీఎస్‌కి దిద్దుబాట్లు పంపే వ్యవస్థ, ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టాయి. దాని పరికరాలు జీశాట్-8, జీశాట్-10, జీశాట్-15 మీద ఉన్నాయి. ఎస్‌బీఏఎస్ అని రాసి ఉన్న రిసీవర్లు దీన్ని వాడుకోగలవు. చాలావాటిలో శాటిలైట్ల జాబితాలో 40, 41 అనే అంకెలతో కనిపిస్తుంది. ఇవి భూమధ్యరేఖ మీద కదలకుండా ఉండే ఉపగ్రహాలు కాబట్టి మనకి దక్షిణం వైపు ఆకాశం తెరిచి ఉండాలి. కొన్ని రిసీవర్లలో ఈ సదుపాయం ఆపేసి ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆన్ చేయాలి.

నావిక్ మన సొంత నావిగేషన్ వ్యవస్థ. మొదట్లో దాని ఉపగ్రహాలు ఎల్5, ఎస్ అనే రెండు బ్యాండ్లలోనే పలికేవి కాబట్టి ఎల్1 మాత్రమే వినే చవక రిసీవర్లకి అవి అందవు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఎన్‌వీఎస్-01తో ఎల్1 కూడా చేర్చారు. అయినా రిసీవర్‌లోని చిప్‌కి నావిక్ భాష రావాలి. డబ్బా మీద నావిక్ అని స్పష్టంగా రాసి ఉంటేనే ఉన్నట్టు లెక్క.

అమెరికాలో ఉన్న మా తమ్ముడితో తెప్పించుకోవచ్చా? లైసెన్సు ఏమన్నా కావాలా?

సంకేతాలు అందుకోవడమే తప్ప ఉపగ్రహానికి ఏమీ పంపని రిసీవర్ వాడుకోవడానికి మీకు లైసెన్సు అక్కర్లేదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన జియోస్పేషియల్ మార్గదర్శకాల తర్వాత మన దేశస్థులు కొలతలు తీసుకోవడానికి ముందస్తు అనుమతుల బెడద కూడా చాలావరకు పోయింది.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోటే. ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే, ఎస్ఓఎస్ బటన్ ఉండే పరికరాలు చూడ్డానికి అచ్చం జీపీఎస్ లాగే ఉంటాయి. అవి శాటిలైట్ ఫోను లెక్కలోకి వస్తాయి, అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు. పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళున్నారు. తమ్ముడికి ఈ ముక్క ముందే చెప్పండి.

## జత చేసేటప్పుడు

బ్లూటూత్‌లో పెయిర్ అయింది, కానీ 'కనెక్టెడ్' అని రావట్లేదు

అలాగే ఉంటుంది. ఇయర్‌ఫోన్ మాదిరిగా ఇది దానంతటది కనెక్ట్ కాదు. పెయిర్ చేయడమంటే పరిచయం చేయడమే. యాప్ తెరిచి, అందులో రిసీవర్ పేరు ఎంచుకుని, కనెక్ట్ నొక్కినప్పుడే మాట కలుస్తుంది. పిన్ అడిగితే 0000 లేదా 1234 కొట్టండి, చాలావాటికి ఈ రెండిట్లో ఒకటే. ఆండ్రాయిడ్ 12, ఆపైన ఉంటే యాప్‌కి 'నియర్‌బై డివైసెస్' అనుమతి కూడా ఇవ్వాలి. అది ఇవ్వకపోతే యాప్ జాబితాలో రిసీవర్ పేరే కనిపించదు. ఒక రిసీవర్ ఒకసారికి ఒక్క ఫోనుతోనే మాట్లాడటం మామూలు. ఇంట్లో పాత ఫోను ఇంకా దాన్ని పట్టుకుని కూర్చుందేమో చూడండి.

యూఎస్‌బీ పెడితే ఫోను అసలు పట్టించుకోవట్లేదు

ముందు కేబుల్‌ని అనుమానించండి. నేనొకసారి ఆన్‌లైన్‌లో కొన్న రిసీవర్‌తో పాటు వచ్చిన తీగతో రెండు సాయంత్రాలు కుస్తీ పట్టాను. రిసీవర్ మీద లైటు వెలుగుతోంది, ఫోన్లో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చివరికి చూస్తే అది ఛార్జింగుకి మాత్రమే పనికొచ్చే తీగ, డేటా వైర్లే లేవు లోపల. లైటు వెలిగిందంటే కరెంటు వస్తోందని మాత్రమే అర్థం.

తీగ మంచిదే అయితే ఫోన్లో ఓటీజీ చూడండి. కొన్ని కంపెనీల ఫోన్లలో దానికి సెట్టింగుల్లో వేరే స్విచ్ ఉంటుంది, పది నిమిషాలు వాడకపోతే దానంతటదే ఆగిపోతుంది కూడా. రిసీవర్ పెట్టగానే "ఈ పరికరాన్ని యాప్ వాడుకోవచ్చా" అని ఒక పెట్టె రావాలి. అది వచ్చిందంటే తీగ, ఓటీజీ రెండూ బాగున్నట్టే.

యాప్‌లో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తున్నాయి

బాడ్ రేటు కుదరలేదు. రిసీవర్ ఒక వేగంతో మాట్లాడుతుంటే యాప్ ఇంకో వేగంతో వింటోంది. పాత రిసీవర్లకి 4800, చాలా యూ-బ్లాక్స్ కంపెనీ మాడ్యూళ్ళకి 9600, అదే కంపెనీ జెడ్-ఎఫ్9పీ బోర్డులకి 38400 మామూలుగా ఉండే వేగాలు. ఒక్కొక్కటీ మార్చి చూడండి. డాలరు గుర్తుతో మొదలయ్యే వరుసలు, వాటిలో కామాలు పెట్టి అంకెలు కనిపించడం మొదలైతే కుదిరినట్టు. ఆ వరుసల భాషనే ఎన్ఎంఈఏ అంటారు.

యాప్‌లో చోటు సరిగ్గానే చూపిస్తోంది, గూగుల్ మ్యాప్స్‌లో మాత్రం పాత చోటే. ఎందుకని?

ఎందుకంటే ఆ యాప్ ఒక్కదానికే సంగతి తెలుసు, ఫోనుకి మీరింకా చెప్పలేదు. సెట్టింగుల్లో ఫోను వివరాల దగ్గర 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో 'సెలెక్ట్ మాక్ లొకేషన్ యాప్' అని ఉంటుంది, అక్కడ మీ రిసీవర్ యాప్‌ని ఎంచుకోండి. బ్లూటూత్ జీఎన్ఎస్ఎస్, లెఫెబ్యూర్ ఎన్‌ట్రిప్ క్లయింట్ లాంటివి ఈ పని చేస్తాయి. తర్వాత యాప్‌లో కూడా మాక్ లొకేషన్ ఆన్ చేయాలి, ఇది చాలామంది మర్చిపోతారు. మాక్ అంటే దొంగ లొకేషన్ అని కంగారు పడకండి, బయటినుంచి ఏది ఇచ్చినా ఆండ్రాయిడ్ దృష్టిలో అది మాకే.

అయినా చుక్క రెండు చోట్ల మధ్య గెంతుతుంటే, లొకేషన్ సెట్టింగుల్లో గూగుల్ వారి 'లొకేషన్ ఆక్యురసీ' ఆపేయండి. వైఫై, టవర్ల లెక్క మధ్యలో దూరకుండా ఉంటుంది.

ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్, క్యూఫీల్డ్ లాంటి కొలత యాప్‌లకి ఈ తతంగం అక్కర్లేదు. అవి రిసీవర్‌తో నేరుగా మాట్లాడతాయి. పొలం కొలవడమే పనైతే ఈ దారే నయం.

మాక్ పెట్టాక కూడా శాటిలైట్ యాప్‌లో పాత శాటిలైట్లే కనిపిస్తున్నాయి

తప్పేమీ లేదు. జీపీఎస్‌టెస్ట్ లాంటి యాప్‌లు చూపించే శాటిలైట్ల పట్టిక ఫోను లోపలి చిప్‌ది. మాక్ ద్వారా వచ్చేది చోటు మాత్రమే, శాటిలైట్ల జాబితా దాంతో రాదు. బయటి రిసీవర్ ఎన్నిటిని చూస్తోందో దాని యాప్‌లోనే చూడాలి. రిసీవర్ పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే ఫోను ఇంట్లో బల్ల మీద పెట్టి, ఎవరినైనా రిసీవర్ పట్టుకుని వాకిట్లోకి నడవమనండి. మ్యాపులో చుక్క వాకిట్లోకి పోయిందంటే ఫోను దాని మాట వింటున్నట్టే.

డెవలపర్ ఆప్షన్స్ పెట్టాక బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు, హాజరు యాప్ ఫోటో తీసుకోవట్లేదు

కొన్ని బ్యాంకు యాప్‌లకి డెవలపర్ ఆప్షన్స్ చూస్తేనే భయం. హాజరు యాప్‌లు, డెలివరీ యాప్‌లైతే మాక్ లొకేషన్‌ని గుర్తుపట్టి మోసం కింద రాసుకుంటాయి, మీ రిసీవర్ ఎంత కచ్చితమైనదైనా సరే. పని అయ్యాక డెవలపర్ ఆప్షన్స్ ఆపేయండి. ఉద్యోగం హాజరుతో ముడిపడిన ఫోన్లో అసలు ఈ ప్రయోగం వద్దు. మూలన పడేసిన పాత ఫోను ఒకటి తీయండి.

## మొదటి ఫిక్స్

అరగంటయింది, ఇంకా ఫిక్స్ రాలేదు

ఫిక్స్ అంటే రిసీవర్ తన చోటు తేల్చుకోవడం. ఇంట్లో కూర్చుని ప్రయత్నిస్తున్నారా? ముందు డాబా మీదికి వెళ్ళండి.

ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి చదివి వినిపిస్తుంది. మధ్యలో ఒక్క ముక్క పోయినా మళ్ళీ మొదటినుంచి వినాలి. కదులుతూ, చెట్ల కింద తిరుగుతూ ఉంటే ఆ 30 సెకన్లు ఎప్పటికీ పూర్తికావు. ఫోన్‌కి ఈ వివరాలు నెట్ ద్వారా ముందే అందుతాయి, అందుకే అది రెండు క్షణాల్లో చూపిస్తుంది, రిసీవర్ మొద్దులా అనిపిస్తుంది. తెరిపిలో కదలకుండా రెండు మూడు నిమిషాలు పెడితే రావాలి. కొత్తగా కొన్నది, నెలల తరబడి వాడనిది అయితే పావుగంట వదిలేయండి. అన్ని ఉపగ్రహాల స్థూల జాబితా పూర్తిగా దిగడానికి 12.5 నిమిషాలు పడుతుంది.

రిసీవర్‌ని ఎక్కడ పెడితే బాగా పట్టుకుంటుంది?

బిళ్ళ ఆకాశం వైపు చూడాలి, బోర్లా పెట్టకూడదు. కింద లోహపు పలక ఉంటే ఇంకా మంచిది. కారు టాప్ మీద అయస్కాంతంతో అతికించేది అందుకే. పొలంలో నేను వెదురు కర్ర చివర పాత స్టీలు పళ్ళెం బిగించి దాని నడుమ రిసీవర్ పెడతాను. పళ్ళెం లేకుండా 36, 37 దగ్గర ఊగిసలాడే సంకేత బలం పళ్ళెం పెట్టగానే 40 దాటింది. ఆ అంకె 40 పైన ఉంటే బాగున్నట్టు, 30 లోపుంటే నమ్మలేం. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

రేకుల షెడ్డు కింద పనిచేయదు. తడిసిన మామిడాకుల కింద పొడి ఆకుల కిందకన్నా తక్కువ పట్టుకుంటుంది. కొన్ని కార్ల ముందు అద్దానికి ఎండని ఆపే లోహపు పూత ఉంటుంది, అలాంటి బండిలో డ్యాష్‌బోర్డు మీద పెడితే లాభం లేదు.

నెట్ లేని అడవిలో పనిచేస్తుందా?

చోటు తెలుసుకోవడానికి నెట్టూ అక్కర్లేదు, సిమ్మూ అక్కర్లేదు. మ్యాపు బొమ్మకే నెట్ కావాలి. నల్లమలలోకి పోయేముందు ఇంట్లో వైఫై మీద ఓస్మ్‌అండ్‌లోనో ఆర్గానిక్ మ్యాప్స్‌లోనో ఆ ప్రాంతం దింపుకోండి. రిసీవర్ ఇచ్చే చోటు తెల్ల కాగితం మీద చుక్కలా కనిపిస్తే తప్పు రిసీవర్‌ది కాదు.

నేను కదలకుండా నిలబడ్డా బాణం గిర్రున తిరుగుతోంది

జీపీఎస్‌కి మీరు ఎటు చూస్తున్నారో తెలియదు, ఎటు కదులుతున్నారో మాత్రమే తెలుసు. నిలబడినప్పుడు చోటులో వచ్చే చిన్న చిన్న ఊగులాటనే కదలిక అనుకుని బాణాన్ని తిప్పుతుంది. నాలుగడుగులు వేయండి, కుదురుకుంటుంది.

## పనిలో ఉన్నప్పుడు

చుక్క నాకన్నా నాలుగైదు సెకన్లు వెనక వస్తోంది

తీగ ఇరుకైంది. 9600 వేగంలో సెకనుకి 960 అక్షరాలే పోతాయి. ఇప్పటి రిసీవర్లు జీపీఎస్‌తో పాటు వేరే దేశాల వ్యవస్థలైన గ్లోనాస్, గెలీలియో, బైడూ కలిపి నాలుగింటినీ వింటాయి. ఒక్కోదాని శాటిలైట్ల జాబితా మూడేసి వరుసలు, వరుసకి 70 అక్షరాలు వేసుకోండి, అవే 840. చోటు చెప్పే మిగతా వరుసలూ కలిస్తే సెకనుకి ఒక్కసారి చెప్పినా 960 దాటిపోతుంది. పోనిది వెనక పేరుకుంటుంది. వేగాన్ని 38400కో 115200కో పెంచండి, లేదా శాటిలైట్ల జాబితా చెప్పే జీఎస్‌వీ వరుసలు ఆపేయండి. చోటుకి జీజీఏ, ఆర్ఎంసీ రెండు వరుసలు చాలు.

ఫోను తెర ఆపితే ట్రాక్ ఆగిపోతోంది

బ్యాటరీ పొదుపు పేరుతో ఫోను యాప్‌ని చంపేస్తోంది. ఆ యాప్ బ్యాటరీ సెట్టింగుల్లో 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టండి, రీసెంట్స్‌లో తాళం గుర్తు ఉంటే అదీ వేయండి. రిసీవర్ యాప్‌కీ, ట్రాక్ రాసే యాప్‌కీ రెండిటికీ చేయాలి. ఒకదానికి చేసి ఒకదాన్ని వదిలేస్తే మళ్ళీ మొదటికే.

విశాఖ బీచ్‌లో నిలబడితే ఎత్తు మైనస్‌లో చూపించింది, రిసీవర్ పాడైందా?

బాగుంది. ఎత్తు రెండు రకాలుగా చెప్పొచ్చు. భూమిని నున్నటి గుండుగా ఊహించి దాని మీంచి కొలిచేది ఒకటి, సముద్ర మట్టం నుంచి కొలిచేది ఇంకొకటి. మన దగ్గర ఈ రెండిటికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది. శ్రీలంకకి దక్షిణాన హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ తక్కువై సముద్ర మట్టం ఊహా గుండుకన్నా 106 మీటర్లు కిందికి ఉంది, ప్రపంచంలోకెల్లా లోతైన పల్లం అదే. దక్షిణ భారతమంతా ఆ పల్లం వాలు మీద కూర్చుని ఉంది. జీజీఏ వరుసలో సముద్ర మట్టం ఎత్తు, ఈ తేడా రెండూ పక్కపక్కనే వస్తాయి. యాప్ సెట్టింగుల్లో 'ఎంఎస్ఎల్' లేదా 'జియాయిడ్' ఎంచుకోండి. అలా దిద్దాక కూడా ఎత్తులో తేడా అడ్డంగా వచ్చే తేడాకన్నా ఎక్కువే ఉంటుంది, కాలువ వాటం చూడటానికి మామూలు రిసీవర్‌ని వాడకండి.

పాయింట్ ఇక్కడ తీస్తే మ్యాపులో 20 కిలోమీటర్ల అవతల పడింది

ఇది నేనూ చేసిన పనే. నకిరేకల్ దగ్గర మా చుట్టాల బోరు పాయింట్ తీసి ముడి వరుసలోంచి అంకెలు చేత్తో ఎక్కించాను. అందులో 1712.6000, 07924.3000 అని ఉన్నాయి. నేను 17.126, 79.243 అని రాశా. మ్యాపులో బోరు నల్లగొండ వైపు ఎవరి పొలంలోనో తేలింది.

ఎన్ఎంఈఏ వరుసలో డిగ్రీలు, నిమిషాలు కలిపి రాస్తారు. 1712.6 అంటే 17 డిగ్రీల 12.6 నిమిషాలు. నిమిషాలని 60తో భాగిస్తే 0.21, కాబట్టి అసలు సంఖ్య 17.21. రెండోది 79 డిగ్రీల 24.3 నిమిషాలు, అంటే 79.405. యాప్ ద్వారా తీస్తే ఈ గోలే ఉండదు, చేత్తో ఎక్కించేటప్పుడే వస్తుంది. దశాంశ డిగ్రీల్లో రాసుకునేటప్పుడు ఐదో అంకె మీటరు, ఆరో అంకె 11 సెంటీమీటర్లు అని గుర్తుంచుకోండి. మామూలు రిసీవర్‌తో తీసి ఎనిమిది అంకెలు రాసుకోవడం గొప్పకి తప్ప ఎందుకూ కొరగాదు.

టైము ఐదున్నర గంటలు వెనక, తేదీ ఇరవై ఏళ్ళు వెనక చూపిస్తోంది

ఐదున్నర గంటలైతే అది గ్రీనిచ్ సమయం, మన టైము కావాలంటే దానికి 5:30 కలుపుకోవాలి. ట్రాక్ ఫైళ్ళలో కూడా అదే ఉంటుంది.

తేదీ 19 ఏళ్ళ ఏడున్నర నెలలు వెనక్కి పోయిందంటే మీది పాత రిసీవర్. జీపీఎస్ వారాలని 1023 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నాకి వస్తుంది. అలా 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి జరిగింది. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇస్తే వేసుకోండి. లేకపోయినా చోటు సరిగ్గానే చూపిస్తుంది, ఫైళ్ళ తేదీలే చిక్కు.

చేపల వేటకి బోటులో తీసుకెళ్ళొచ్చా?

సముద్రం మీద అడ్డేమీ ఉండదు, ఫిక్స్ హాయిగా వస్తుంది. ఉప్పు నీటికి తట్టుకునే డబ్బా కావాలి, అంతే. తుపాను కబురు మాత్రం దీనికి రాదు, తీరం నుంచి కొంత దూరం పోతే ఫోనుకి సిగ్నలూ ఉండదు. ఆ లోటు తీర్చడానికే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ 2019 అక్టోబరులో జెమినీ అనే పరికరం తెచ్చింది. గగన్ ఉపగ్రహాల ద్వారా హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల వివరాలు అందుకుని బ్లూటూత్ మీద ఫోన్లోకి పంపుతుంది. అయితే దానిలోంచి తిరిగి కబురు పంపలేం.

## సెంటీమీటర్ల దాకా పోవాలంటే

ఆర్‌టీకే అంటే ఏంటి, నా ఫోనుతో అవుతుందా?

ముందే కచ్చితంగా తెలిసిన చోట ఒక రిసీవర్ కదలకుండా కూర్చుని, ఇప్పుడు ఉపగ్రహాల లెక్క ఎంత తప్పుతోందో ప్రతి సెకనూ చెప్తూ ఉంటుంది. అదే బేస్. మీ చేతిలోది రోవర్. బేస్ చెప్పిన తప్పుని తీసేసుకుంటే రోవర్‌కి సెంటీమీటర్లు దక్కుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లు ఈ పద్ధతివే.

మీకు కావాల్సింది జెడ్-ఎఫ్9పీ లాంటి రెండు ఫ్రీక్వెన్సీల రిసీవర్, మంచి యాంటెనా, ఫోన్లో నెట్, దిద్దుబాట్లు ఇచ్చేవాళ్ళ ఖాతా. సర్వే ఆఫ్ ఇండియా వారి కోర్స్ (ఎప్పుడూ నడిచే బేస్‌ల) నెట్‌వర్క్‌లో నమోదు చేసుకోవచ్చు. యాప్‌లో సర్వర్ చిరునామా, పోర్టు సాధారణంగా 2101, మౌంట్‌పాయింట్ (ఏ దిద్దుబాట్లు కావాలో ఆ పేరు), మీ పేరు, పాస్‌వర్డ్ నింపాలి. దిద్దుబాట్లు నెట్ నుంచి ఫోనుకి, ఫోను నుంచి బ్లూటూత్ మీద రిసీవర్‌కి వెళ్తాయి, చోటు అదే దారిలో తిరిగొస్తుంది. గంటకి కొన్ని ఎంబీల డేటా అంతే. సిగ్నల్ లేని పొలంలో మాత్రం ఆట కట్టు, మీ సొంత బేస్ పెట్టుకోవాల్సిందే.

ఫిక్స్ కాకుండా ఫ్లోట్‌లోనే ఆగిపోతోంది

జీజీఏ వరుసలో నాణ్యత అంకె చూడండి. 1 అంటే మామూలు, 2 అంటే గగన్ లాంటి దిద్దుబాటు అందింది, 5 అంటే ఫ్లోట్, లెక్క ఇంకా పూర్తిగా తేలలేదని, 4 అంటే ఫిక్స్, సెంటీమీటర్ల దాకా తేలిందని. 5లో ఉన్నప్పుడు తీసిన పాయింట్‌కి డెసిమీటర్ల తేడా ఉండొచ్చు. ఎక్కువగా కారణాలు చెట్ల నీడ, చవక యాంటెనా, 30 కిలోమీటర్లకి మించి దూరంలో ఉన్న బేస్, తెగుతూ వచ్చే నెట్.

4 వచ్చినంత మాత్రాన కళ్ళు మూసుకుని నమ్మకండి. యాంటెనాని బోర్లా తిప్పి ఫిక్స్ పోగొట్టండి, మళ్ళీ నిలబెట్టి కొత్త ఫిక్స్‌తో అదే రాయి మీద రెండోసారి తీయండి. రెండూ రెండు మూడు సెంటీమీటర్లలో కలిస్తేనే రాసుకోండి. కర్ర పొడవు యాప్‌లో ఇవ్వడం మర్చిపోతే ఎత్తు అంతా కర్రంత తప్పు.

పొద్దున బాగా వచ్చిన ఫిక్స్ రాత్రి ఏడు దాటాక ఎందుకు పోతోంది?

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకమైన బాధ, విదేశీ వీడియోల్లో దీని ఊసే ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణ కొస మీదుగా పోతుంది. 1963లో తొలి రాకెట్‌ని తుంబా నుంచి ప్రయోగించడానికి కారణం కూడా అదే. దానికి దగ్గరగా ఉన్నచోట పొద్దుగూకాక పైన అయనోవరణంలో బుడగలు లేస్తాయి. వాటిలోంచి వచ్చే సంకేతం నక్షత్రంలా మిణుకుమంటుంది, రిసీవర్ పట్టు తప్పుతుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువున్న ఏళ్ళలో ఇది ఎక్కువ. రాత్రి ఏడు నుంచి అర్ధరాత్రి దాకా గొడవ. చేయగలిగింది ఏమీ లేదు, పొద్దున్నే వెళ్ళడమే.

నేను తీసిన కొలత హద్దుల పంచాయితీలో చెల్లుతుందా?

చెల్లదు. రెండు సెంటీమీటర్ల కచ్చితంతో తీసినా అది మీ అవగాహన కోసమే. హద్దు రాళ్ళు తేల్చాల్సింది ప్రభుత్వ సర్వేయరు, పాత సర్వే కొలతల పటాలు (తెలంగాణలో టిప్పన్, ఆంధ్రాలో ఎఫ్ఎంబీ) ముందు పెట్టుకుని. మీ పాయింట్లు ఒకదానికి పనికొస్తాయి: రాయి ఉన్నప్పుడే దాని చోటు తీసి పెట్టుకుంటే, తర్వాత ట్రాక్టర్ తగిలి అది పోతే ఎక్కడ తవ్వి వెతకాలో తెలుస్తుంది. మా పొలంలో ఈశాన్యం మూల రాయి అలాగే జానెడు మట్టి కింద దొరికింది.

## పని అయిపోయాక

రిసీవర్ తీసేశా, అయినా ఫోను ఇంకా పొలంలోనే ఉన్నట్టు చూపిస్తోంది

మాక్ యాప్ సరిగ్గా మూసుకోకుండా చచ్చిపోయింది, చివరి చోటు ఫోన్లో అతుక్కుపోయింది. యాప్‌ని మళ్ళీ తెరిచి డిస్‌కనెక్ట్ నొక్కండి. అయినా పోకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో మాక్ లొకేషన్ యాప్ దగ్గర 'ఏదీ వద్దు' ఎంచుకుని ఫోను ఆపి ఆన్ చేయండి. నాకు తెలిసిన ఒకాయన ఈ సంగతి తెలియక ఇంటికొచ్చి భోజనం ఆర్డర్ పెట్టాడు. డెలివరీ కుర్రాడు పత్తి చేను గట్టు మీద నిలబడి ఫోన్ చేశాడు, "సార్, ఏ ఫ్లోర్?" అని.